మా మావయ్య చిందేసిన పాట

ఒక మనిషి మీద కోపమొచ్చి, ఆ కోపమంతా పాటగా కట్టి, ఆ పాటకి ఆ మనిషే చెమటలు కారేలా చిందేస్తుంటే ఎదురుగా నిలబడి చూసే భాగ్యం ఎంతమందికి దక్కుతుంది చెప్పండి? నాకు దక్కింది. తెనాలిలో, చల్లటి ఏసీ ఫంక్షన్ హాల్లో, పట్టుపంచె ఎగ్గట్టుకుని మరీ ఎగిరాడు మా మావయ్య. ఆయన్ని తిట్టడానికి మేం పడ్డ కష్టమంతా ఆయన కాళ్ళ కిందే నలిగిపోతుంటే ఏడవాలో నవ్వాలో తెలీక నేను నవ్వాను. నాకు ఏ సంగతీ తేలనప్పుడు ముందు నవ్వొస్తుంది. అదో రోగం.

మేం అంటే నేనూ, నా స్నేహితురాలూ. బాపట్లలో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో మాదొకటే గది. మాది పిట్టలవానిపాలెం దాటి లోపలికెళితే వచ్చే ఊరు, వరి తప్ప ఇంకో ధ్యాస లేని ఇల్లు. తనది రేపల్లె అవతల సముద్రపు పల్లె. వాళ్ళ నాన్నకి బోటుంది, వాళ్ళమ్మ చేపలమ్ముతుంది. సముద్రం హోరులో పెరిగిన గొంతు కదా, తను మామూలుగా మాట్లాడినా పక్క బ్లాకులోవాళ్ళు సమాధానం చెప్పేవాళ్ళు. నాకేమో ఊపిరి తీసుకోకుండా మాట్లాడటం పుట్టుకతోనే వచ్చిందని మా అమ్మ అభిప్రాయం. ఇలాంటి ఇద్దర్ని ఒక గదిలో పడేస్తే ర్యాప్ కాక ఇంకేం పుడుతుంది?

ఫోన్లో ఎక్కడెక్కడివాళ్ళ పాటలో వినేవాళ్ళం. మా ఇల్లు కూలగొడుతున్నారని ఒకడు, పోలీసులు ఊరికే కొట్టారని ఒకడు, చదువుకున్నాం ఉద్యోగాలేవని ఒకమ్మాయి. భాష సగం అర్థమయ్యేది కాదు గానీ కోపం మాత్రం మొత్తం అర్థమయ్యేది. "తిట్టు తిట్టులాగే ఉంటే ఎవడూ వినడే. తాళంలో పెడితే రెండోసారి కూడా వింటాడు" అని మా దాని, అంటే నా స్నేహితురాలి, సిద్ధాంతం. ఆ సిద్ధాంతం మీద నమ్మకంతో ముందు హాస్టల్ సాంబారు మీద ఒకటి కట్టాం. ఆ తర్వాత సాయంత్రం ఆరింటికల్లా ఆడపిల్లల గేటు వేసి, మగపిల్లల గేటు మాత్రం బార్లా తెరిచి ఉంచడం మీద ఇంకోటి. గదిలో మోత తగ్గాలని ఇద్దరం ఒకే దుప్పటి కప్పుకుని ఫోన్లో రికార్డు చేసేవాళ్ళం. ఒకరోజు వార్డెన్ మేడమ్ దుప్పటి లాగి, చెమటతో తడిసిపోయిన మా మొహాలు చూసి, "జ్వరమా అమ్మా?" అంది. అవునండీ అన్నాం. ఆ పూట మాకు సాంబారు తప్పి జావ వచ్చింది. మా రాజకీయ పోరాటంలో మొదటి విజయం అదే.

గేటు పాట కాలేజీ అంతా తిరిగింది. గేటు మాత్రం ఆరింటికే మూసుకుంది. అయినా మేం నేల మీద నడిస్తేనా.

ఆ ఏడు శ్రావణంలో ఇంటికెళ్ళేసరికి నాన్న మొహంలో నెత్తురు చుక్క లేదు. మా పొలం కాలవకి చిట్టచివర ఉంటుంది. నీళ్ళు వంతులవారీగా వదులుతారు. పై ఊళ్ళ వంతు అయ్యాక మా వంతు రావాలి. అది రావడం మానేసింది. పైన కొత్తగా తవ్విన చేపల చెరువులు నిండేదాకా మా వైపు కాలవ షట్టర్ లేచేది కాదు. నాన్న మురుగుకాలవలోంచి ఆయిల్ ఇంజనుతో నీళ్ళు తోడి నారుమడిని ఎలాగో బతికిస్తున్నాడు. ఆ నీళ్ళకి ఉప్పు తగిలి నారు కొసలు ఎర్రబడ్డాయి. త్వరగా మంచినీళ్ళు రాకపోతే నారు ముదిరిపోతుంది, ఇక ఊడ్పు లేనట్టే. "ఈ చాకిరీ నావల్ల కాదు, దీన్ని కూడా చెరువులవాళ్ళకి లీజుకిచ్చేద్దాం" అనేశాడు నాన్న. చెరువు తవ్వాక ఆ నేల మళ్ళీ వరి మొహం చూడదని మా వైపు అందరికీ తెలుసు.

నాన్న అలా అన్నరోజు అమ్మ అన్నం తినలేదు. ఎందుకంటే ఆ పొలం అమ్మది. పెళ్ళప్పుడు మా తాతయ్య పసుపు కుంకుమ కింద రాసిచ్చింది. అమ్మ దాన్ని పొలం అనదు, చేను అనదు, "నా పసుపు కుంకుమ" అంటుంది. "నా పసుపు కుంకుమకి ఎరువేశారా" అని నాన్నని అడుగుతుంది. కొత్తగా విన్నవాళ్ళు ఖంగు తింటారు.

మరి నీటి సంఘం ప్రెసిడెంటు ఎవరనుకున్నారు? అమ్మకి స్వయానా అన్నయ్య. షట్టర్ పైకి తిప్పే ఇనప హ్యాండిల్ ఆయనింట్లోనే ఉంటుంది. తాతయ్యా అమ్మమ్మా పోయాక అమ్మకి పుట్టిల్లంటే ఆ అన్నయ్య ఒక్కడే. నోరు తెరిచి అడిగి, ఆయన కాదంటే, మళ్ళీ ఆ గుమ్మం ఎక్కేదెలా? అందుకని అమ్మ అడగదు. నాన్నని అడగనివ్వదు. "మీరు ఒక మాట జారితే నాకు పుట్టిల్లుండదండీ" అంటుంది. నీళ్ళడిగితే అన్నయ్య పోతాడు, అడక్కపోతే పసుపు కుంకుమ పోతుంది. ఈ రెంటి మధ్యా మా అమ్మ.

నాకు ఒళ్ళు మండిపోయింది. హాస్టల్‌కి తిరిగెళ్ళి మా దానికి చెబితే, "మీకు నారుమడి, మాకు బిందె. మా పల్లెలో మంచినీళ్ళ చెరువు కూడా ఇలాగే ఎండుతుంది. రాద్దాం పద" అని శనివారం బస్సెక్కి నాతో మా ఊరొచ్చేసింది. బీటు కోసం ఎక్కడా వెతకలేదు. నాన్న ఇంజను స్టార్ట్ చేయగానే ఇది దాని పక్కన గొంతుక్కూర్చుని ఫోను పెట్టింది. డుగ్ డుగ్ డుగ్ డుగ్. నాన్న కంగారుగా పరిగెత్తుకొచ్చి, "ఏంటమ్మా, ఇంజన్లో ఏమైనా తేడా వినపడుతోందా?" అన్నాడు. "లేదు బాబాయ్, భలే పాడుతోంది" అంది ఇది. నాన్న ఇంజను వైపు కొత్తగా చూశాడు.

ఆ ఇంజను మీద ఈ మాటలు పడ్డాయి:

పైన చెరువులో చేపపిల్ల ఈత కొడతంది
కింద మడిలో నారుపిల్ల గుక్క పెడతంది
తూము తిప్పే హ్యాండిలేమో ఇంట్లో పడుకుంది
దాన్ని లేపే పెద్దమనిషికి నిద్ర పడతంది

తెల్లచొక్కా ఇస్త్రీ మడత నలగదు ఎప్పుడూ
మా కాలవలో దిగి చూడు తడవవు ఇప్పుడు
అయ్యా ప్రెసిడెంటూ, మా వంతెప్పుడు?
మా వంతెప్పుడు? మా వంతెప్పుడు?

విని నాకు నేనే దండం పెట్టుకున్నాను. ఫోన్లో పెట్టి లోకం మీదికి వదిలేద్దామంటే మాత్రం అమ్మ గుర్తొచ్చింది. ఇది బయటికెళితే పుట్టిల్లు పోయేది నాకు కాదు. అందుకని పాటని దాచుకున్నాం. ఎక్కడ దాచాం? పెన్‌డ్రైవ్‌లో. మా తెలివి తెల్లారినట్టే ఉంటుంది మరి.

సరిగ్గా అప్పుడే మావయ్య తన కూతురికి ఓణీల ఫంక్షన్ పెట్టుకున్నాడు. బాపట్లలో చేస్తే చుట్టాలే వస్తారని, తెనాలిలో పెద్ద హాలు తీసుకున్నాడు, జిల్లా మొత్తం వస్తుందని. ఈ రోజుల్లో ఓణీల ఫంక్షన్ అంటే పిల్ల ఊరికే నడిచి రాకూడదు. పూల గొడుగు కింద, పొగ మధ్యలో, వరసైన పిల్లలందరితో డాన్స్ చేసుకుంటూ స్టేజీ ఎక్కాలి. దానికి పాటల ముక్కలన్నీ కలిపి ఒకటే పాటగా కుట్టాలి. "మన అమ్మడికి ఇలాంటివి వచ్చటగా" అని ఆ పని మావయ్య నాకే అప్పజెప్పాడు. మేం రాత్రింబవళ్ళు కూర్చుని కుట్టి, పెన్‌డ్రైవ్‌లో వేసి, పొన్నూరు నుంచి వచ్చిన డీజే అన్నయ్య చేతిలో పెట్టాం. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క పెన్‌డ్రైవ్‌లో.

మావయ్య డీజే అన్నయ్యకి ఒకటే మాట చెప్పాడు. "ఏం జరిగినా మ్యూజిక్ ఆగకూడదు తమ్ముడూ. ఆగితే కళ పోద్ది."

పిల్ల వచ్చింది, పొగ వచ్చింది, పూలు పడ్డాయి. అందరూ ఊగిపోతున్నారు. మేం కుట్టిన పాట అయిపోయింది. మ్యూజిక్ ఆగకూడదు కదా. పెన్‌డ్రైవ్‌లో తర్వాతి పాట దానంతటదే మొదలైంది.

డుగ్ డుగ్ డుగ్ డుగ్.

మా దాని నోట్లో గారె అలాగే ఉండిపోయింది. నేను డీజే వైపు పరిగెత్తబోయాను. మధ్యలో మా అత్తయ్య నా చెయ్యి పట్టుకుని, "ఎక్కడికే, నువ్వూ వెయ్యి స్టెప్పు" అని గిరగిరా తిప్పడం మొదలెట్టింది. ఒక పక్క నా గొంతే బాక్సుల్లోంచి చేపపిల్ల, నారుపిల్ల అని గోల పెడుతోంది, ఇంకో పక్క నేను అత్తయ్యతో బొంగరంలా తిరుగుతున్నాను. మా కాలవ చివరి ఊళ్ళ చుట్టాలు భోజనాల దగ్గరున్నారు. రెండో చరణం చెవినపడగానే పెరుగన్నం చేతులతోనే లేచొచ్చేశారు. ఒక పెద్దాయన ఎడం చెయ్యి గాల్లో ఊపుతూ "మా వంతెప్పుడు" అనగానే వెనకాల యాభైమంది అందుకున్నారు. నాన్న స్తంభం పక్కన నిలబడి తన చెప్పుల్నే చూసుకుంటున్నాడు. అమ్మ స్టేజీ మీద అక్షింతల పళ్ళెం పట్టుకుని ఉంది. పళ్ళెం వణుకుతోంది. అది భయమో, నవ్వాపుకోవడమో ఇప్పటికీ చెప్పదు.

మావయ్య సంగతి చెప్పాలిగా. ఇంజను మోత వినగానే ఆయనకి పూనకమొచ్చింది. కండువా తలకి చుట్టాడు. పంచె ఎగ్గట్టాడు. తెల్లచొక్కా ఇస్త్రీ మడత అన్న మాటకి సరిగ్గా తన చొక్కా కాలరే ఎగరేశాడు. వెనకాల పెద్ద తెర మీద ఆయనే. ఆయన నాట్యానికి హాలంతా ఈలలు. నేనైతే చచ్చాననే అనుకున్నాను, అదే సమయంలో గొప్పగా కూడా ఉంది, ఏమాటకామాటే చెప్పుకోవాలి. నా పాటకి జిల్లా మొత్తం ఎగరడం మాటలా?

పాట అయ్యాక రొప్పుకుంటూ నా దగ్గరికొచ్చాడు. నేను కళ్ళు మూసుకున్నాను.

"ఇది మీరే కట్టారంటగా?"

"అవును మావయ్యా."

"ప్రెసిడెంటు అంటే నేనేగా?"

"అవును మావయ్యా."

"మరి పేరు పెట్టలేదేంటి? ప్రెసిడెంటంటే ఎవడైనా కావచ్చు. పేరు పెట్టాల్సింది." కండువాతో మొహం తుడుచుకున్నాడు. "వచ్చే ఎలక్షన్లకి ఇదే బీటు మీద నాకో పాట చేసిపెట్టండి. మాటలు కాస్త అటూ ఇటూ మారిస్తే సరిపోద్ది."

కోప్పడితే బాగుండేది. నాకు ఆ క్షణంలో నిజంగా ఏడుపొచ్చింది. మా దానికి మాత్రం గారె మింగుడుపడి నోరు ఖాళీ అయ్యింది. "మరి నీళ్ళండీ?" అంది, సముద్రం గొంతుతో. నలుగురూ తిరిగి చూశారు. మావయ్య నవ్వుతూ మైకు తీసుకుని, "గురువారం చివరి పొలాలకి నీళ్ళు వదులుతున్నాం, ఇది మా అమ్మాయి ఫంక్షన్ సాక్షిగా నా మాట" అని ప్రకటించాడు. చప్పట్లు మోగిపోయాయి. తిరుగు ప్రయాణంలో కార్లో అమ్మ కూనిరాగం తీసింది. ఏ రాగమో చెప్పక్కర్లేదు.

గురువారం మా ఊరు ఊరంతా కాలవ గట్టు మీదే ఉంది. కొబ్బరికాయలు తెచ్చారు. పసుపు తెచ్చారు. మేం కాలేజీ ఎగ్గొట్టి వచ్చాం. పొద్దున్న పోయింది, మధ్యాహ్నం పోయింది. కాలవలో బీటలు అలాగే ఉన్నాయి. ఒకాయన విసుగొచ్చి కొబ్బరికాయ కొట్టుకుని తినేశాడు. ఫోన్ చేస్తే మావయ్య, "చెరువులవాళ్ళు ఇంకొక్క తడి అడుగుతున్నారు అమ్మడూ, వాళ్ళ మాటా కాదనలేం కదా. చూద్దాంలే" అన్నాడు. వెనకాల ఎక్కడో మా బీటు వినపడుతోంది. ఆయన ఫోన్ రింగుటోను కూడా అదేనట, తర్వాత తెలిసింది.

మా దాని సిద్ధాంతం అక్కడ కుప్పకూలింది. "మన బీటు మరీ బాగుందే. అదే మన కొంప ముంచింది" అంది. అయినా ఆగే రకమా అది? శుక్రవారం పొద్దున్నే పొన్నూరు డీజే అన్నయ్యకి ఫోన్ కొట్టింది. ఆయన పొలం కూడా కాలవ చివరే ఉందట, పాపం, బాక్సులేసుకుని వ్యాన్లో వచ్చేశాడు. షట్టర్ దగ్గరికెళ్ళి పాట పెట్టి, నీళ్ళొచ్చేదాకా ఆపకూడదని మా పథకం. ఊళ్ళోవాళ్ళు ట్రాక్టర్లెక్కారు. అమ్మకి మాత్రం చెప్పలేదు.

మేం వెళ్ళి పాట పెట్టాం. మోతకి మావయ్య బండేసుకుని రానే వచ్చాడు. వచ్చి, కోపంగా చూస్తాడనుకుంటే, నవ్వుతూ కండువా తలకి చుట్టడం మొదలెట్టాడు. ఆయన ఎగిరాడు. ఆయనతో వచ్చినవాళ్ళు ఎగిరారు. మావాళ్ళు కాసేపు మొహాలు మాడ్చుకుని నిలబడ్డారు గానీ ఆ బీటుకి కాలు ఆగదు, ఏం చేస్తాం, వాళ్ళూ ఎగిరారు. ధర్నా కాస్తా ఊరేగింపు అయ్యి కూచుంది. ఆఖరికి చూసుకుంటే నా కాలూ ఆడుతోంది. ఎండిన కాలవ పక్కన అంత సంతోషంగా ఎవరూ ఎప్పుడూ ఎగిరి ఉండరు.

అప్పుడొచ్చింది అమ్మ. నాన్న బండి వెనకాల కూర్చుని, ఇంట్లో కట్టుకునే నేత చీరలోనే. దిగి తిన్నగా వ్యాన్ దగ్గరికెళ్ళి, "బాబూ, ఆ దడదడ ఆపు" అంది. డీజే అన్నయ్య ఆపేశాడు. మా దాని చేతిలో మైకు తీసుకుంది. అట్లకాడ పట్టుకున్నట్టు పట్టుకుంది. నా పాటే పాడబోయింది. "పైన చెరువులో చేపపిల్ల" అని మొదలెట్టి, తర్వాతి మాట మర్చిపోయి, మళ్ళీ మొదలెట్టి, మళ్ళీ మర్చిపోయింది. ఎవరో నవ్వారు. అమ్మ పాట వదిలేసింది.

"అన్నయ్యా" అంది.

మావయ్య తల మీది కండువా తీసేశాడు.

"నాన్న నాకు పసుపు కుంకుమ కింద ఏమిచ్చాడు? చేను. ఎండిన చేను ఇచ్చాడా? కాలవ కింద చేను ఇచ్చాడు. ఇచ్చినరోజు నువ్వు పక్కనే ఉన్నావు. గట్టు మీద నా చెయ్యి పట్టుకుని హద్దులు చూపించింది నువ్వే. మీ బావగారు ఇప్పుడు దాన్ని చెరువుకిచ్చేద్దామంటున్నారు. నేను నిన్ను అడగలేదు. అడిగితే నువ్వు పోతావని అడగలేదు. అడక్కపోయినా ఏముంది, ఉన్నావా మరి నువ్వు? చేనూ పోయి నువ్వూ పోతే, నాకు పుట్టింటి నించి ఏం మిగిలినట్టు?"

గొంతు ఎక్కడా పెంచలేదు. ఒక్కో మాటా ఆగి, ఊపిరి తీసుకుని, తూకం వేసినట్టు అంది. "ఒసేయ్, మీ అమ్మ చూడవే" అని మా దాని గొంతు మొదటిసారి గుసగుసగా వినపడింది.

మావయ్య వెనక్కి తిరిగాడు. బండి స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయాడు. అమ్మ మైకు పట్టుకుని అలాగే నిలబడింది. ఆయన వెళ్ళిన వైపే చూస్తోంది. నాన్న వచ్చి పక్కన నిలబడ్డాడు. అంతా నావల్లే, నా పాటవల్లే అమ్మకి ఆ ఒక్క గుమ్మం కూడా లేకుండా పోయింది అనుకున్నాను.

బండి తిరిగొచ్చింది. మావయ్య ఒళ్ళో ఇనప హ్యాండిల్ అడ్డంగా ఉంది. ఎవరికీ ఇవ్వలేదు, తనే షట్టర్ ఎక్కి బిగించి తిప్పాడు. తుప్పు పట్టి మొదట కదల్లేదు. ఇంకా బలంగా తిప్పాడు. చొక్కా చంకల దగ్గర చిరిగింది. కింద నీళ్ళు బుసకొట్టుకుంటూ మా వైపు దూకాయి. మావాళ్ళు కాలవ గట్టున నీళ్ళతోపాటు పరిగెత్తారు. నాన్న కూడా పరిగెత్తాడు, మా నాన్న పరిగెత్తడం నేను చూడ్డం అదే మొదలు. అమ్మ ఏడుస్తూ నవ్వుతోంది. నేనూ, నా స్నేహితురాలూ ఒకళ్ళనొకళ్ళం పట్టుకుని అక్కడే గెంతులేశాం.

గెంతి గెంతి అలిసిపోయాక మా దానికి స్పృహ వచ్చింది. "రికార్డు చేశావా?" అంది. నేను చెయ్యలేదు, అదే చేసిందనుకున్నా. డీజే అన్నయ్య చెయ్యలేదు. అన్ని ఫోన్లున్నాయి అక్కడ, మావయ్య డాన్సు అందరి దగ్గరా ఉంది, అమ్మ మాటలు మాత్రం ఒక్కళ్ళ దగ్గరా లేవు. అందరూ ఫోన్లు దించేసి విన్నారు. మా దానికి పిచ్చెక్కిపోయింది. ఫోను తీసుకుని అమ్మ మొహానికి అడ్డం పెట్టి, "ఆంటీ, ఆంటీ, మీకు దండం పెడతాను, అదే ఇంకొక్కసారి అనండి. మా పాటలన్నీ దీని ముందు దిగదుడుపు. లోకమంతా వింటుంది" అని కాళ్ళావేళ్ళా పడింది.

అమ్మ పమిటతో మొహం తుడుచుకుంది. షట్టర్ మీద మావయ్య ఇంకా తిప్పుతూనే ఉన్నాడు, తలెత్తకుండా.

"మళ్ళీ ఎవరికి చెప్పాలే?" అంది అమ్మ. "విన్నాడుగా మా అన్నయ్య."